కొరకరాని కొయ్య: పెద్ద పొరుగు మీదకొస్తే చిన్న దేశం ఏం చేయగలదు?

1990 ఆగస్టు 2న తెల్లవారకముందే ఇరాక్ ట్యాంకులు కువైట్ సరిహద్దు దాటాయి. పొద్దు గూకేలోపు రాజధాని దాదాపు వాళ్ల చేతికి వచ్చేసింది, ఎమిర్ సౌదీ అరేబియాకు వెళ్లిపోయారు, రెండు రోజుల్లో దేశం మొత్తం పోయింది. కడప, రాజంపేట, రాయచోటి వైపు, అటు గోదావరి జిల్లాల్లో ఈ కథ తెలియని ఇళ్లు తక్కువ. వంటపనికో డ్రైవర్ పనికో వెళ్లిన మనవాళ్లు నిద్రలేచేసరికి, వాళ్లకు వీసా ఇచ్చిన దేశమే లేదు. ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాల్లో ఇంటిదారి పట్టారు. ఆ రెండు నెలల్లో అలా వెనక్కి తీసుకొచ్చిన భారతీయులు సుమారు 1,70,000 మంది.

అంత డబ్బున్న దేశం రెండు రోజుల్లో ఎలా పోయింది అనే ప్రశ్న పక్కనే ఇంకో ప్రశ్న పెట్టి చూడాలి. 1939లో ఫిన్లాండ్ జనాభా 37 లక్షలు, అంటే ఇవాళ్టి ఒక పెద్ద జిల్లా అంత. దాని మీదకు వచ్చిన సోవియట్ యూనియన్ జనాభా 17 కోట్ల దాకా ఉంటుంది. ఫిన్లాండ్ దగ్గర పనికొచ్చే ట్యాంకులు చాలా కొద్ది, అవతలివాళ్ల దగ్గర వేలల్లో ఉన్నాయి. కొద్ది వారాల్లో పని అయిపోతుందని మాస్కో అనుకుంది. ఆ యుద్ధం 105 రోజులు నడిచింది, చివరికి ఫిన్లాండ్ నేల పోగొట్టుకుంది గానీ దేశం మిగిలింది. ఒక దేశం రెండు రోజుల్లో పోయింది, ఇంకొకటి పోలేదు. ఎందుకు?

ముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. ఇలాంటి యుద్ధం గురించి మాట్లాడేటప్పుడు మనం సైన్యాలను పక్కపక్కన పెట్టి లెక్కేస్తాం, వీళ్లకు ఇన్ని విమానాలు, వాళ్లకు అన్ని విమానాలు అని. అలా లెక్కేస్తే చిన్న దేశం ప్రతిసారీ ఓడిపోవాలి, కాబట్టి ఆయుధాలు కొనడమే దండగ అనిపిస్తుంది. కానీ పెద్ద దేశాధినేత లెక్క వేరు. ఆయన చూసేది గెలుస్తానా లేదా అని కాదు, గెలవగలనని ఆయనకు ముందే తెలుసు. ఎన్ని రోజుల్లో గెలుస్తాను, ఎంత ఖర్చుతో, ఆ గెలుపు చేతికొచ్చాక దాంతో చేసుకునేదేముంది అన్నదే ఆయన ప్రశ్న. చిన్న దేశం చేయాల్సిందల్లా ఆ మూడు జవాబులనూ చెడగొట్టడం. మన భాషలో కొరకరాని కొయ్య అనే మాటుంది కదా, సరిగ్గా అదే. కొయ్య ఎవరినీ ఓడించదు, పళ్లకు లొంగదంతే.

ఇది చెప్పినంత సులువు కాదు. 1939 శరదృతువులో ఏం జరిగిందో వివరంగా చూస్తే ఎక్కడెక్కడ ఏది పనిచేసిందో, ఏది చేయలేదో తెలుస్తుంది.

ఆ ఏడాది ఆగస్టు 23న జర్మనీ, సోవియట్ యూనియన్ ఒప్పందం చేసుకున్నాయి. అందులోని రహస్య భాగంలో తూర్పు యూరప్‌ను పంచుకున్నాయి, ఫిన్లాండ్ సోవియట్ వాటాలో పడింది. సెప్టెంబరు చివర్లో మొదట ఎస్తోనియాను, అక్టోబరులో లాత్వియాను, లిథువేనియాను మాస్కోకు పిలిచి, మీ నేల మీద మా సైనిక స్థావరాలు పెడతాం, సంతకం పెట్టండి అన్నారు. ఈ మూడు బాల్టిక్ దేశాలూ పెట్టాయి. తర్వాత ఫిన్లాండ్ వంతు. లెనిన్‌గ్రాడ్ నగరానికి సరిహద్దు 32 కిలోమీటర్లే ఉంది, నగరాన్ని జరపలేం కాబట్టి సరిహద్దును జరపాలి అన్నది స్టాలిన్ వాదన. కరేలియా భూసంధిలో కొంత నేల, ఫిన్లాండ్ సింధుశాఖలో కొన్ని దీవులు, హాంకో రేవు కౌలుకు, బదులుగా ఉత్తరాన దానికి రెట్టింపు అడవి ఇస్తామన్నారు. కాగితం మీద చూస్తే బేరం మరీ అన్యాయంగా కనబడదు. అసలు సంగతేంటంటే, అడిగిన ఆ నేలలోనే ఫిన్లాండ్ రక్షణ కందకాలూ బంకర్లూ ఉన్నాయి. అది ఇచ్చేశాక రేపు ఇంకోటి అడిగితే కాదనడానికి చేతిలో ఏమీ మిగలదు.

అయినా ఫిన్లాండ్‌లో అందరూ ఒక్కమాట మీద లేరు, ఇది చాలామంది మర్చిపోతారు. చర్చలకు వెళ్లిన పాసికివీ కొంత ఇచ్చి సర్దుకుందామన్నాడు. సైన్యాన్ని నడపాల్సిన మన్నర్‌హైమ్ కూడా, మన దగ్గర గుండ్లు లేవు, కొంత వదులుకోండి అనే చెప్పాడు. యుద్ధం తెలిసినవాడే యుద్ధం వద్దన్నాడు. ప్రభుత్వం వినలేదు. ఆ నిర్ణయం సరైందా అంటే నేను ఇప్పటికీ గట్టిగా అవుననలేను. బాల్టిక్ దేశాలకు తర్వాత పట్టిన గతి చూశాక మాత్రం, సంతకం పెట్టి ఉంటే బతికేవాళ్లని చెప్పడం ఇంకా కష్టం.

నవంబరు 26న సరిహద్దు పక్కనున్న మైనిలా అనే ఊళ్లో తమ సైనికుల మీద ఫిన్లాండ్ ఫిరంగులు పేల్చిందని సోవియట్ యూనియన్ ప్రకటించింది. ఫిన్లాండ్ ఫిరంగులు అప్పటికే అంత దూరం పేల్చలేనంత వెనక్కి జరిపి ఉన్నాయి. నాలుగు రోజులకు, నవంబరు 30న, హెల్సింకి మీద బాంబులు పడ్డాయి. పెద్ద దేశం దాడికి ముందు ఇలా సాకు వెతుక్కోవడం దాదాపు ప్రతి కథలోనూ ఉంటుంది. అందుకే బెదిరింపులో ఉన్న చిన్న దేశాలు సరిహద్దులో తమవైపు ఒక్క తుపాకీ కూడా పొరపాటున పేలకుండా చూసుకుంటాయి.

ఇక్కడే కువైట్‌కూ ఫిన్లాండ్‌కూ అసలు తేడా. కువైట్ సరిహద్దులో ఇరాక్ లక్ష మంది దాకా సైనికులను పోగేస్తుంటే, అప్పు మాఫీ చేయించుకోవడానికి ఇరాక్ అధినేత సద్దాం బెదిరిస్తున్నాడులే అని చుట్టుపక్కల దేశాలన్నీ అనుకున్నాయి, కువైట్ సైన్యం కూడా పూర్తి సిద్ధంగా లేదు. జహ్రా దగ్గర 35వ బ్రిగేడ్ లాంటి దళాలు గట్టిగానే పోరాడాయి, కానీ అది కొన్ని గంటల ముచ్చట. కువైట్‌కు ఇంకో కష్టం కూడా ఉంది, దాన్ని తప్పు అనడానికి లేదు. దేశం చదునైన ఎడారి, సరిహద్దు నుంచి రాజధానికి మంచి రోడ్డు, వెనక్కి తగ్గి నిలబడడానికి కొండ గానీ అడవి గానీ లేదు. ఫిన్లాండ్ మాత్రం చర్చలు నడుస్తుండగానే అక్టోబరులో అదనపు శిక్షణ పేరుతో రిజర్వు సైనికులను పిలిచేసింది. దానికి ముందు వేసవిలో మామూలు జనం, విద్యార్థులు, గుమస్తాలు సెలవులు పెట్టుకుని జీతం లేకుండా కరేలియాకు వెళ్లి కందకాలు తవ్వారు, ట్యాంకులకు అడ్డంగా బండరాళ్లు పాతారు. దాడి మొదలయ్యేనాటికి సైనికులు వారాల తరబడి తమ తమ చోట్ల ఉన్నారు, ఏ చెట్టు ఎక్కడుందో, ఏ చెరువు మీద మంచు ఎంత గట్టిపడిందో వాళ్లకు తెలుసు. ఆ ఏడు వారాలే సగం యుద్ధం.

అంతకంటే లోతైన సిద్ధం ఇంకోటి ఉంది, అది సైన్యానికి సంబంధించింది కాదు. 1918లో ఫిన్లాండ్‌లో ఎర్రదళాలకూ (కార్మికులు, పేద రైతుల పక్షం) తెల్లదళాలకూ (ప్రభుత్వ పక్షం) మధ్య ఘోరమైన అంతర్యుద్ధం జరిగింది, 36 వేల మందికి పైగా చనిపోయారు, చాలామంది ఓడిపోయిన ఎర్రవాళ్ల శిబిరాల్లో ఆకలితో, రోగాలతో పోయారు. తెల్లదళాలను నడిపింది ఇదే మన్నర్‌హైమ్. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన కిందే ఆ ఎర్రవాళ్ల కొడుకులు పోరాడాలి. పోరాడతారా? స్టాలిన్ పోరాడరనే అనుకున్నాడు. అందుకే దాడి మొదలైన మర్నాడే సరిహద్దు ఊరు తెరియోకిలో కూసినెన్ అనే ఫిన్నిష్ కమ్యూనిస్టు నాయకుడితో ఒక కీలుబొమ్మ ప్రభుత్వం పెట్టించాడు, కూలీలు, పేద రైతులు తలుపులు తెరిచి ఆహ్వానిస్తారని. ఎవరూ తెరవలేదు. ఎందుకంటే మధ్యలో ఆ ఇరవై ఏళ్లు ఫిన్లాండ్ ఊరికే కూర్చోలేదు. అంతర్యుద్ధం ముగిసిన ఏడాదే కౌలుదార్లకు వాళ్లు సాగుచేసే భూమి కొనుక్కునే హక్కు ఇచ్చింది, 1922లో ఇంకో చట్టంతో భూమి లేనివాళ్లకూ దారి చూపింది, ఓడిపోయిన వర్గం పార్టీని ఎన్నికల్లోకి రానిచ్చింది, ఆ పార్టీ నాయకులు మంత్రులూ అయ్యారు. తెరియోకి ప్రభుత్వం ఎనిమిది గంటల పనిదినం ఇస్తామని వాగ్దానం చేసింది, ఫిన్లాండ్ కార్మికులకు అది 1917 నుంచే ఉంది. యుద్ధం మధ్యలో, 1940 జనవరిలో, యజమానుల సంఘం మొదటిసారి కార్మిక సంఘాలతో కూర్చుని మాట్లాడడానికి ఒప్పుకుంది.

దేశ రక్షణ అంటే బడ్జెట్‌లో సైన్యానికి ఎంత అనే మాట్లాడుకుంటాం. ఆ 1922 భూమి చట్టాన్ని కూడా రక్షణ ఖర్చు కింద రాయాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. బయటివాడు వచ్చి నీ బతుకు బాగుచేస్తానంటే నమ్మేంత కడుపుమంట లోపల ఉన్న దేశాన్ని ఏ బంకరూ కాపాడలేదు.

ఇక యుద్ధం. ఎక్కువమంది మన్నర్‌హైమ్ రేఖ గురించి, అంటే కరేలియాలోని ఆ కందకాలూ బంకర్ల వరుస గురించి చెబుతారు, కానీ చిన్న దేశం యుద్ధం ఎలా చేస్తుందో అర్థం కావాలంటే ఉత్తరాన రాతె రోడ్డు దగ్గరికి వెళ్లాలి. సువొముస్సాల్మి అనే చిన్న ఊరిని సోవియట్ 163వ డివిజన్ (వేలమంది సైనికుల దళం) డిసెంబరులో పట్టుకుని ఇరుక్కుపోయింది. దానికి సాయంగా 44వ డివిజన్ ఒకే ఒక్క అడవి రోడ్డు మీద బయలుదేరింది, ట్యాంకులు, లారీలు, గుర్రాలు, వంటబండ్లు అన్నీ ఒకదాని వెనక ఒకటి, కిలోమీటర్ల కొద్దీ పొడవున. రెండు పక్కలా నడుం లోతు మంచు. చలి సున్నాకు 30, 40 డిగ్రీల కింద. కల్నల్ సీలస్వువో దగ్గరున్న ఫిన్నిష్ సైనికులు సంఖ్యలో చాలా తక్కువ, కానీ వాళ్లకు స్కీలు ఉన్నాయి, తెల్లటి పైబట్టలు ఉన్నాయి, అడవిలో పుట్టి పెరిగినవాళ్లు. వాళ్లు ఆ పొడవాటి వరుసను ఎదురుగా ఆపి పోట్లాడలేదు. పక్కనుంచి వచ్చి అక్కడక్కడ తెంపి ముక్కలు చేశారు, ఒక్కో ముక్కను చుట్టుముట్టి, ముందు వంటబండ్లను, చలిమంటల చుట్టూ చేరినవాళ్లను కొట్టారు. వేడి తిండి లేకుండా ఆ చలిలో మనిషి ఎన్ని రోజులు ఉంటాడు? ఇలా చుట్టేసిన ఒక్కో ముక్కను ఫిన్నులు ‘మొత్తి’ అన్నారు. నరికి, కొలతకు పేర్చి, తర్వాత తీసుకెళ్దామని అడవిలో వదిలేసే కట్టెల పేర్పుకు వాళ్ల భాషలో పేరది.

జనవరి 7 నాటికి 44వ డివిజన్ లేదు. దాని కమాండర్ వినోగ్రాదవ్‌ను సొంతవాళ్లే సైనికుల ముందు కాల్చి చంపారు. ఆ డివిజన్ ఉక్రెయిన్ నుంచి వచ్చింది, అడవి గానీ స్కీలు గానీ తెలియని మైదానాల కుర్రాళ్లు అందులో ఎందరో. ఆ రోడ్డు పక్కన వాళ్ల కోసం ఇప్పుడు స్మారకాలున్నాయి. వాళ్ల మరణాన్ని విజయంగా మాత్రమే చదవడం నాకు చేతకాదు. చిన్న దేశాన్ని మింగాలనుకున్న నాయకుడు ఖర్చుపెట్టేది ముందుగా తన సొంత పేదల పిల్లలనే.

ఆయుధాల్లోనూ ఇదే పద్ధతి. ట్యాంకుకు ట్యాంకుతో జవాబు చెప్పే స్తోమత లేదు కాబట్టి సీసాలో పెట్రోలు లాంటి మిశ్రమం పోసి, వత్తి కట్టి, దగ్గరికి వచ్చాక విసిరారు. సోవియట్ విదేశాంగ మంత్రి పేరు మీద దానికి మొలొతోవ్ కాక్‌టెయిల్ అని పేరు పెట్టింది వాళ్లే, ప్రభుత్వ సారా కంపెనీ డిస్టిలరీలో లక్షల సీసాలు తయారయ్యాయి. లొత్తా స్వార్ద్ అనే మహిళా సంఘంలో దాదాపు లక్ష మంది వంటలు, ఆసుపత్రులు, విమానాల రాక కనిపెట్టే బురుజుల కాపలా చూసుకున్నారు, దానివల్ల అంతమంది మగవాళ్లు తుపాకీ పట్టుకోగలిగారు.

మరి ఇంత చేసినా? ఫిబ్రవరి వచ్చేసరికి లెక్క మారింది. సోవియట్ సైన్యం తప్పులు దిద్దుకుంది, తిమొషెంకో అనే సేనాని చేతికి పగ్గాలిచ్చింది, కరేలియా భూసంధిలో సుమ్మా దగ్గర రోజుల తరబడి ఫిరంగులతో దంచి ఫిబ్రవరి 11న రేఖ తెంచింది. ఇటువైపు గుండ్లు అయిపోతున్నాయి, మనుషులు అయిపోతున్నారు, నిద్రలేక నిలబడలేకపోతున్నారు. బయటి సాయం సంగతి చెప్పాలంటే, నానాజాతి సమితి (ఐక్యరాజ్యసమితికి ముందున్న సంస్థ) డిసెంబరు 14నే సోవియట్ యూనియన్‌ను బహిష్కరించింది, దాంతో ఒక్క ట్యాంకూ ఆగలేదు. స్వీడన్ నుంచి వేలమంది వాలంటీర్లు వచ్చారు, ఆయుధాలూ వచ్చాయి. బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యం పంపుతామన్నాయి కానీ నార్వే, స్వీడన్ తమ నేల మీదుగా వెళ్లడానికి ఒప్పుకోలేదు, పైగా ఆ పంపే సైన్యం కన్ను స్వీడన్ ఇనుప ఖనిజం మీద కూడా ఉంది. సైన్యం ఇంకా నిలబడి ఉండగానే సంధి చేసుకోవాలి, కూలిపోయాక చేసుకోవడానికి ఏమీ ఉండదు అని మన్నర్‌హైమ్ చెప్పాడు. 1940 మార్చి 12న మాస్కోలో సంతకాలు, మర్నాడు కాల్పులు ఆగాయి.

షరతులు అక్టోబరులో అడిగినదానికంటే చాలా కఠినం. దేశంలో పదో వంతు నేల పోయింది, వీపురి లాంటి పెద్ద నగరం పోయింది, నాలుగు లక్షల పైచిలుకు మంది ఇళ్లూ పొలాలూ వదిలి పశువులను తోలుకుంటూ ఇవతలికి వచ్చేశారు. చనిపోయిన ఫిన్నులు సుమారు 25,000. అవతల చనిపోయినవాళ్లు 1,26,000 పైనే.

ఎవరు గెలిచారు? పటం చూస్తే స్టాలిన్. కానీ అప్పటికి తెరియోకి ప్రభుత్వం మాటే ఎవరూ ఎత్తలేదు, దాన్ని చప్పుడు లేకుండా చుట్టేశారు. పూర్తిగా మింగాలంటే ఇంకెంత పోతుందో మాస్కో చూసింది. అదే సమయంలో సంతకం పెట్టి స్థావరాలకు ఒప్పుకున్న ఎస్తోనియాలోకి, తన సొంత సైన్యం కంటే ఎక్కువమంది సోవియట్ సైనికులు వచ్చి కూర్చున్నారు. 1940 జూన్‌లో మూడు బాల్టిక్ దేశాలనూ దాదాపు తుపాకీ పేలకుండా ఆక్రమించారు, ఆగస్టుకు కలిపేసుకున్నారు, మరుసటి ఏడాది జూన్‌లో వేల కుటుంబాలను పశువుల రైలు పెట్టెల్లో సైబీరియాకు పంపారు. వాళ్లను పిరికివాళ్లనడం అన్యాయం. ఒక్కో దేశానికి పది నుంచి ముప్పై లక్షల దాకా జనాభా, చదును నేల, చుట్టుపక్కల పెద్దవాళ్లు. కానీ ముగ్గురూ కలిసి ఒక్కమాట మీద నిలబడకుండా ఒక్కొక్కరుగా మాస్కోకు వెళ్లారన్నది నిజం, ఇవాళ ఆ మూడు దేశాలూ రక్షణలో ఏ పనైనా కలిసే చేయాలని చూడడానికి కారణం అదే.

ఫిన్లాండ్ కథను ఇక్కడ ఆపేస్తే అది సగం నిజమే అవుతుంది. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడినప్పుడు ఫిన్లాండ్ అతని పక్కన యుద్ధంలోకి దిగింది. పోయిన నేల తిరిగి తెచ్చుకుంటున్నాం అంది, కానీ పాత సరిహద్దు దాటి ఎన్నడూ తనది కాని తూర్పు కరేలియాలోకి వెళ్లింది, అక్కడి రష్యన్ పౌరులను శిబిరాల్లో పెట్టింది, వాటిలో వేలమంది చనిపోయారు. చిన్న దేశం కూడా ఆక్రమణదారు కాగలదు, దీన్ని దాచడంలో అర్థం లేదు. 1944లో మళ్లీ ఓడిపోయి, మళ్లీ అదే నేల పోగొట్టుకుని, 30 కోట్ల డాలర్ల పరిహారం ఓడలు, యంత్రాల రూపంలో 1952 దాకా కట్టింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు మాస్కోకు కోపం రాకుండా మసిలింది. పత్రికలు తమ రాతలను తామే కత్తిరించుకున్నాయి, సోవియట్ యూనియన్‌తో చేసుకున్న 1948 ఒప్పందం మాట ఎత్తకుండా విదేశాంగ విధానం లేదు. దీన్ని బానిసత్వం అన్నవాళ్లున్నారు. ఎన్నికలు జరిగాయి, కోర్టులు నడిచాయి, సోవియట్ సైన్యం హెల్సింకిని ఆక్రమించలేదు. నా దృష్టిలో అది చేదుగానే ఉన్న, కానీ బతికించిన మందు. ఆ బేరం ఆడగలిగింది కూడా 1940, 1944ల్లో గట్టిగా పోరాడడం వల్లే.

ఇప్పుడు రెండో చిక్కుముడి: బయటివాళ్ల మాట ఎంతవరకు నమ్మొచ్చు? కువైట్‌ను బయటివాళ్లే తిరిగి తెచ్చిపెట్టారు, 1991 జనవరి 17న వైమానిక దాడులు మొదలై ఫిబ్రవరి చివరికల్లా ఇరాక్ వెళ్లిపోయింది. దానికి చమురు ఒక కారణం, సోవియట్ యూనియన్ ఆ సమయంలో అమెరికాకు అడ్డుపడకపోవడం ఇంకో కారణం. అలాంటి గ్రహబలం అందరికీ కుదరదు. అయితే ఒక సంగతి ఎక్కువమందికి తట్టదు. కువైట్ ప్రభుత్వం సౌదీలోని తాయిఫ్‌లో కూర్చుని బతికే ఉంది, దాని పెట్టుబడులు లండన్‌లో, ఇతర చోట్ల భద్రంగా ఉన్నాయి, ఐక్యరాజ్యసమితిలో దాని కుర్చీ అలాగే ఉంది. నేల పోయినా ‘రాజ్యం’ పోలేదు. ఎస్తోనియా కూడా ఇలాగే బతికింది. బాల్టిక్ ఆక్రమణను గుర్తించబోమని అమెరికా 1940 జూలైలోనే చెప్పింది, న్యూయార్క్‌లో ఎస్తోనియా కాన్సులేట్ సోవియట్ కాలం అంతా తెరిచే ఉంది. 1991లో ఎస్తోనియా కొత్తగా పుట్టలేదు, ఉన్నదాన్నే తిరిగి తెరిచింది. అందుకే ఇవాళ ఆ దేశం తన భూమి రికార్డులు, జనాభా పట్టికలు లాంటి వాటి నకళ్లను లక్సెంబర్గ్‌లో, రాయబార కార్యాలయంతో సమానమైన హోదా ఉన్న డేటా కేంద్రంలో దాచుకుంది.

ఇంకోవైపు ఉక్రెయిన్. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో అణ్వాయుధాలు వదులుకున్నందుకు బదులుగా దాని సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలు పెట్టాయి. గౌరవించకపోతే ఎవరు వచ్చి ఏం చేస్తారు అన్నది ఆ కాగితంలో లేదు. 2014లో క్రిమియా పోయింది. ఒప్పందం చదివేటప్పుడు చూడాల్సింది వాగ్దానం ఎంత గొప్పగా ఉందని కాదు, మాట తప్పితే ఎవరి సైనికుడి ప్రాణం ముందు పోతుందని. ఎస్తోనియాలోని తాపాలో 2017 నుంచి బ్రిటన్ నేతృత్వంలో ఒక చిన్న నాటో (అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి) దళం ఉంటోంది, కొన్ని వందల మంది మొదలు వెయ్యి మంది దాకా. పెద్ద దాడిని ఆపడానికి అది చాలదు. కానీ ఆ ఊరి మీద బాంబు వేస్తే మొదటి రోజే బ్రిటిష్ సైనికుడు చనిపోతాడు, లండన్ ఇక చూస్తూ ఊరుకోలేదు. ఆ దళం పని అదే.

ఉక్రెయిన్ చిన్న దేశం కాదు, అయినా 2022 ఫిబ్రవరి చివర్లో కీవ్‌కు ఉత్తరాన జరిగింది చూస్తే రాతె రోడ్డు గుర్తురాక మానదు. దాడికి వచ్చిన రష్యా లారీలు, ట్యాంకులు 60 కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద ఇరుక్కుపోయాయి, పక్కకు దిగితే బురద. ఉక్రెయిన్ చిన్న చిన్న బృందాలు భుజాన మోసుకెళ్లే క్షిపణులతో ముందూ వెనకా కొట్టాయి. ఇర్పిన్ నది మీద కట్ట తెరిచేసి దెమిదివ్ అనే ఊరిని, చుట్టూ పొలాలను నీళ్లతో ముంచేశారు. తమ ఇళ్లలోకి నీళ్లొచ్చినా ఆ ఊరివాళ్లు కీవ్ నిలిచిందని ఓర్చుకున్నారు. ఆ రోజుల్లో మన తెలుగు వైద్య విద్యార్థులు మెట్రో స్టేషన్లలో, హాస్టల్ సెల్లార్లలో తలదాచుకుని ఇంటికి ఫోన్లు చేస్తుంటే ఇక్కడ తల్లిదండ్రులు పడ్డ టెన్షన్ గుర్తుండే ఉంటుంది. ఆ మెట్రో స్టేషన్లు అంత లోతుగా ఉండబట్టే తలదాచుకోవడానికి పనికొచ్చాయి.

దాంతో మళ్లీ ఫిన్లాండ్‌కే వస్తాను, ఎందుకంటే సోవియట్ యూనియన్ పోయాక యూరప్‌లో చాలా దేశాలు ఇక యుద్ధాలు రావని సైన్యాలు తగ్గించుకుంటే ఇది తగ్గించుకోలేదు. మగపిల్లలకు నిర్బంధ సైనిక శిక్షణ కొనసాగించింది, ఆడపిల్లలు ఇష్టపడితే చేరొచ్చు. 56 లక్షల జనాభాలో యుద్ధమొస్తే 2,80,000 మందిని వెంటనే నిలబెట్టగలదు, రిజర్వులో ఉన్నవాళ్లు ఎనిమిది లక్షలు దాటుతారు. 1961 నుంచి జాతీయ రక్షణ కోర్సులు నడుస్తున్నాయి, ఎంపీలు, కంపెనీల అధిపతులు, పత్రికా సంపాదకులు, కార్మిక నాయకులు వారాల పాటు ఒకేచోట కూర్చుని, కరెంటు పోతే ఎవరేం చేయాలి, రేవులు మూతపడితే మందులు ఎక్కడినుంచి రావాలి అని సాధన చేస్తారు. ధాన్యం, ఇంధనం, మందులు నెలల తరబడి సరిపడా నిల్వచేయడానికి ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ సంస్థే ఉంది. ఇదంతా ఉండి కూడా 2022లో ఉక్రెయిన్‌ను చూశాక, ఒంటరిగా ఉండడం ఇక చాలదని నాటోకు దరఖాస్తు పెట్టి 2023 ఏప్రిల్ 4న 31వ సభ్యదేశంగా చేరింది. రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు దానిది.

దీనికి మూల్యం లేదనుకోవద్దు. పందొమ్మిదేళ్ల కుర్రాడికి దాదాపు ఆరు నెలల నుంచి ఏడాది దాకా కాలం పోతుంది. సరిహద్దులో మందుపాతరలు మళ్లీ పెట్టుకునే హక్కు కోసం వాటిని నిషేధించే ఒట్టావా ఒప్పందం నుంచి బయటికి రావాలని 2025లో పార్లమెంటు నిర్ణయించింది, మందుపాతర యుద్ధం ముగిశాక కూడా పిల్లల కాళ్లు తీస్తుందని తెలిసి కూడా. ఈ నిర్ణయం నాకు మింగుడుపడదు, కానీ ఆ సరిహద్దు పక్కన బతికేది నేను కాదు.

ఇళ్ల సముదాయం 1,200 చదరపు మీటర్లు దాటితే కింద బాంబు దాడుల్లో తలదాచుకునే షెల్టర్ కట్టాల్సిందేనని అక్కడ చట్టం. దేశం మొత్తం మీద 50 వేలకు పైగా ఉన్నాయి, 48 లక్షల మంది పడతారు. వాటిని ఖాళీగా ఉంచరు, సైకిళ్లు పెట్టుకుంటారు, పిల్లలు ఆడుకుంటారు, జిమ్‌లు నడుపుతారు. హెల్సింకిలోని ఇతాకెస్కుస్‌లో రాతిని తొలిచి కట్టిన ఒక ఈతకొలను ఉంది, ముసలివాళ్లు పొద్దున్నే వచ్చి ఈదుతారు, సాయంత్రం పిల్లలకు ఈత నేర్పుతారు. అదీ షెల్టరే, మూడు వేల మందికి పైగా పడతారు. ఆదేశం వస్తే ఏ షెల్టరైనా 72 గంటల్లో సిద్ధమవ్వాలి, అంటే మూడు రోజుల్లో ఆ కొలనులో నీళ్లు తోడేసి మనుషులు ఉండే చోటుగా మార్చాలి.